పేరు కలిసింది

రాజాంలో పాలకొండ రోడ్డు మీద నాకు బాగా తెలిసిన టైలరు మాస్టారొకరు ఉన్నారు. నా స్కూలు నిక్కర్ల దగ్గర్నుంచి మొన్నటి ఆఫీసు చొక్కాల దాకా అన్నీ ఆయన కుట్టినవే. వాళ్ల పెద్దబ్బాయి గల్ఫ్‌లో ఏసీ మెకానిక్కు. రెండేళ్ల కిందట ఆ అబ్బాయి పంపిన డబ్బు పదకొండు రోజులు ఇంటికి చేరలేదు. మాస్టారికి ఇంగ్లిషు రాదు కాబట్టి డబ్బు పంపే కంపెనీకి నేనే ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. పంపినవారి పేరు ఒక జాబితాలో ఉన్న పేరుతో కలిసిందట. పుట్టిన తేదీ ఉన్న కాగితం పంపితే సరిచూస్తారట. ఏ జాబితా అని అడిగాను. చెప్పడానికి వీల్లేదంది. పాస్‌పోర్టు కాపీ పంపాం, డబ్బొచ్చింది. అంతే. ఎవరూ ఎవర్నీ తిట్టలేదు, కొట్టలేదు, చివరికి క్షమాపణ కూడా చెప్పారు.

"పేరు అలాటిది బాబూ, ఏటి సేస్తాం?" అన్నారు మాస్టారు, చేతిలో కత్తెర కింద పెట్టకుండానే.

పదకొండు రోజుల ఆలస్యాన్ని నేను ఎప్పుడో మర్చిపోయేవాణ్ణి. ఈ మాటే పట్టుకుంది. తప్పు కంపెనీది కాదు, జాబితాది కాదు, కొడుకుది అసలే కాదు. పేరుది! తన తండ్రి పెట్టిన పేరు గురించి, తాను కొడుక్కి పెట్టుకున్న పేరు గురించి ఒక మనిషి అంత మామూలుగా అలా అనేశాడంటే, దాని వెనక ఏముందో తెలుసుకోవాలనిపించింది.

అలాంటి జాబితాల్లో పెద్దది న్యూయార్క్‌లో ఉంది. 1999 అక్టోబరు 15న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1267 నంబరు తీర్మానం చేసింది. మొదట అది తాలిబన్ల కోసం. తరువాత అల్‌ఖైదా చేరింది, 2015లో ఐసిస్ చేరింది. మండలిలోని పదిహేను దేశాలూ ఉన్న ఒక కమిటీ ఆ జాబితాను చూసుకుంటుంది. అందులో పేరెక్కిన మనిషి ఆస్తుల్ని ప్రపంచంలోని ప్రతి దేశమూ స్తంభింపజేయాలి, ప్రయాణాలు ఆపాలి, ఆయుధాలు అందకుండా చూడాలి. న్యూయార్క్‌లో పేరు రాస్తే సరిపోదు కదా, దాన్ని బ్యాంకు కౌంటరు దాకా తీసుకొచ్చేవాళ్లు కావాలి. ఆ పని పారిస్‌లోని ఎఫ్‌ఏటీఎఫ్ చేస్తుంది. 1989లో జీ7 దేశాలు దొంగ డబ్బు చలామణీని అరికట్టడానికి పెట్టిన సంస్థ అది. 2001 అక్టోబరులో ఉగ్రవాదానికి అందే డబ్బు కూడా దాని పనిలో చేరింది. దానికి సైన్యం లేదు, పోలీసులు లేరు. ఉన్నదల్లా ఒక బూడిదరంగు జాబితా, ఒక నల్ల జాబితా. ఈసారి జాబితాల్లో ఉండేవి మనుషుల పేర్లు కావు, దేశాల పేర్లు. అందులో పడితే అప్పు పుట్టడం కష్టమౌతుంది, వ్యాపారం కుంటుపడుతుంది. ఆ భయంతో ప్రభుత్వం బ్యాంకుల్ని అదిలిస్తుంది, బ్యాంకు తన సాఫ్ట్‌వేర్‌ను బిగిస్తుంది. అరబ్బీ పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు కాబట్టి, దగ్గర దగ్గరగా ఉన్న పేర్లన్నిటినీ పట్టుకొనేలా ఆ సాఫ్ట్‌వేర్‌ను అమరుస్తారు. అదిగో, అక్కడ మా మాస్టారి కొడుకు దొరికాడు.

ఈ దారి పొడుగునా మాస్టారి మీద ద్వేషం ఉన్న మనిషి ఒక్కడూ కనిపించడు. ఎవరి పని వాళ్లు శ్రద్ధగానే చేశారు. నాకు ఇబ్బంది కలిగించేది సరిగ్గా అదే.

కానీ ఇక్కడితో ఆపేస్తే ఇది చాలా సులువైన వ్యాసమైపోతుంది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నాను. కోచింగుల కోసం మా వైపు నుంచి హైదరాబాద్ వెళ్లిన చాలామందిలాగే అక్కడో హాస్టల్లో ఉండేవాణ్ణి. చీకటి పడ్డాక, బస్టాపుల దగ్గర నిమిషాల తేడాలో రెండు బాంబులు పేలాయి. పద్ధెనిమిది మంది చనిపోయారు. ఆ స్టాపులో నేను రోజూ నిలబడేవాణ్ణి. ఫోన్లు కలవలేదు. మా అమ్మకు నా గొంతు వినిపించేసరికి రాత్రి పదిన్నరైంది. ఆ రాత్రి ఎవరైనా నన్ను "జాబితాలు ఉండాలా, వద్దా?" అని అడిగితే నేనేం చెప్పేవాణ్ణో నాకు తెలుసు.

ఆ కేసులో నిందితుడు యాసిన్ భత్కల్ అదే ఏడాది ఆగస్టులో నేపాల్ సరిహద్దు దగ్గర దొరికాడు. 2016 డిసెంబరులో ఎన్‌ఐఏ కోర్టు ఐదుగురికి మరణశిక్ష వేసింది. వాళ్లలో ఒకడు పాకిస్తాన్ జాతీయుడు. ప్రధాన నిందితుడు రియాజ్ భత్కల్ ఇప్పటికీ పరారీలోనే ఉన్నాడు. బాంబు పెట్టే మనిషి, దానికి డబ్బిచ్చే మనిషి, వెయ్యమని చెప్పే మనిషి మూడు దేశాల్లో ఉన్నప్పుడు ఏ ఒక్క దేశపు పోలీసూ ఏమీ చెయ్యలేడు. అంతర్జాతీయ సంస్థలెందుకు అంటే దీనికోసమే. అవి ఊరికే సమావేశాలు పెట్టుకుని టీ తాగుతాయని తీసిపారేసేవాళ్లతో నాకు పేచీ. పాకిస్తాన్ 2018 జూన్ నుంచి 2022 అక్టోబరు దాకా ఎఫ్‌ఏటీఎఫ్ బూడిద జాబితాలో ఉంది. హఫీజ్ సయీద్‌కు ఉగ్రవాదానికి డబ్బు సమకూర్చిన కేసులో లాహోర్ కోర్టు శిక్ష వేసింది 2020 ఫిబ్రవరిలో, అంటే సరిగ్గా ఆ ఒత్తిడి నడుస్తున్న రోజుల్లో. ముంబై దాడులు జరిగిన పదకొండేళ్లకు వచ్చిన శిక్ష అది.

అయితే మరి నా పేచీ ఎక్కడ?

ఈ సంస్థలు చేసే పనుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి చేష్టకు పేరు పెడుతుంది. రెండోది మనిషికి పేరు పెడుతుంది. మొదటిదానికి నాకు నచ్చే ఉదాహరణ విమానంలో వేసే సామాను. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం ఐర్లాండ్ తీరానికి దగ్గర్లో పేలిపోయి 329 మంది చనిపోయారు. బాంబున్న పెట్టె విమానం ఎక్కింది, ఆ పెట్టె ఇచ్చిన మనిషి ఎక్కలేదు. ఆ తరువాత అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఒక నియమం గట్టిగా పెట్టింది: మనిషి ఎక్కకపోతే అతని పెట్టెను దించెయ్యాలి. నువ్వు సిక్కువా, సాయిబువా, శ్రీకాకుళం వాడివా అని ఆ నియమం అడగదు. నీ పెట్టె పక్కన నువ్వున్నావా లేదా, అంతవరకే దానికి కావాలి. విమానం దారి మళ్లించడం, మనుషుల్ని బందీలుగా పట్టుకోవడం, జనం మధ్య బాంబు పెట్టడం, అలాంటి పనులకు డబ్బు పోగుచెయ్యడం. 1970 హేగ్ ఒప్పందంతో మొదలుపెట్టి 1999 దాకా సమితి చేయించిన ఒప్పందాల్లో ఎక్కువ భాగం ఇలా ఒక్కో చేష్టను పట్టుకున్నవే. ఉగ్రవాది ఎవరు అన్న గొడవ జోలికి వెళ్లకుండా, ఫలానా పని ఎవరు చేసినా నేరమే అన్నాయి. తెలివితేటలతో అలా చేశారో, ఇంకో దారి లేక అలా చేశారో!

ఇంకో దారి లేకనే అని చరిత్ర. ఉగ్రవాదానికి నిర్వచనం ఇవ్వాలని 1937లో నానాజాతి సమితి ఒక ఒప్పందం రాసింది. ఒక రాజ్యానికి వ్యతిరేకంగా, జనంలోనో కొందరిలోనో భయోత్పాతం పుట్టించే ఉద్దేశంతో చేసే నేరం ఉగ్రవాదం అని దాని సారాంశం. దేశాధినేతను చంపడం జాబితాలో మొట్టమొదటిది, మూడేళ్ల కిందట యుగోస్లావియా రాజును మార్సేల్‌లో కాల్చి చంపారు మరి. ఇరవై నాలుగు దేశాలు సంతకాలు పెట్టాయి. కానీ దాన్ని ఆమోదించిన దేశం మొత్తం ప్రపంచంలో ఒకే ఒక్కటి: ఇండియా. 1941లో. అంటే బ్రిటిష్ ఇండియా. అల్లూరి సీతారామరాజును కాల్చి పదిహేడేళ్లు, భగత్‌సింగ్‌ను ఉరి తీసి పదేళ్లు అయ్యాక, మరుసటి ఏడాది క్విట్ ఇండియా రాబోతుండగా, ఆ ప్రభుత్వానికి ఆ నిర్వచనం నచ్చింది. నచ్చదా?

ఈ నిర్వచనాన్ని రాజాంకు పట్టుకొచ్చి చూడండి. మా ఊరి పేరు చెబితే ముందుగా గుర్తొచ్చేది తాండ్ర పాపారాయుడు. 1757 జనవరిలో బొబ్బిలి కోట కూలిపోయినప్పుడు ఆయన రాజాంలో ఉన్నాడు. కబురు ఆలస్యంగా అందింది. వెళ్లేసరికి అంతా అయిపోయింది. రాత్రి వేళ డేరాలో దూరి విజయనగరం రాజు విజయరామరాజును పొడిచి చంపాడు. చిన్నప్పుడు మాకిది వీరగాథ. కృష్ణంరాజు సినిమా టీవీలో వేస్తే వీధంతా చూసేది. 1937 ఒప్పందం చేతికిచ్చి ఎవరినైనా అడగండి, పాపారాయుడు ఎవరని. (ఈ గొడవలేవీ పట్టని ప్రభుత్వం 2022లో జిల్లాల్ని విడగొడుతూ రాజాంను శ్రీకాకుళం నుంచి తీసి విజయనగరం జిల్లాలో కలిపింది. చంపినవాడి ఊరు చచ్చినవాడి జిల్లాలోకి వెళ్లింది.) భోగాపురం విమానాశ్రయానికి అల్లూరి సీతారామరాజు పేరు. కట్టే కంపెనీ రాజాంలో పుట్టిన గ్రంధి మల్లికార్జునరావు గారి జీఎంఆర్. పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు ఎత్తుకెళ్లిన మనిషి పేరున్న ద్వారం దగ్గర, ఉగ్రవాద నిరోధానికని మన బెల్టులు విప్పించి చూస్తారు. ఇది ఎగతాళిగా అనడం లేదు. రెండూ సబబే అనుకుంటాను. రెండూ ఎలా సబబో చెప్పగలిగే నిర్వచనమే మనకు కావలసింది.

1996లో మన దేశమే ఐక్యరాజ్యసమితి ముందు ఒక సమగ్ర ఒప్పందం ముసాయిదా పెట్టింది. ఇప్పటికీ తేలలేదు. పరాయి పాలన మీద పోరాడేవాళ్లను ఏమనాలి, సైన్యాలు చేసే హింసను ఏమనాలి అన్న రెండు ప్రశ్నల దగ్గర ఆగిపోయింది. తమాషా ఏమిటంటే, నిర్వచనం లేకపోయినా 2001 సెప్టెంబరు 28న భద్రతా మండలి 1373 తీర్మానంతో ప్రతి దేశమూ ఉగ్రవాదాన్ని కఠినమైన నేరం చెయ్యాలని ఆదేశించింది. ఏది ఉగ్రవాదమో మాత్రం చెప్పలేదు. గిన్నె ఇచ్చి కొలత చెప్పకుండా బియ్యం తెమ్మన్నట్టు. ఎవరి కొలత వాళ్లు కొలుచుకున్నారు. మన దగ్గర పోటా వచ్చింది, పోయింది, దాని సరుకు 2004లో ఉపా చట్టంలోకి చేరింది. ఆయుధాలు, పేలుడు పదార్థాలు అన్నీ లెక్కబెట్టి, చివర 'మరే ఇతర సాధనంతోనైనా' అనే మాట కలిపారు ఆ చట్టంలో. ఆ మాట ఎంతవరకైనా సాగుతుంది. 2019 సవరణతో సంస్థల్నే కాదు, విడి మనిషిని కూడా ఉగ్రవాది అని కేంద్రం ప్రకటించొచ్చు. కోర్టు తీర్పు అక్కర్లేదు. మొదట ప్రకటించిన నలుగురూ మసూద్ అజర్, హఫీజ్ సయీద్, లఖ్వీ, దావూద్ కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. మొదటి పేర్లు ఎప్పుడూ అలాగే ఉంటాయి.

పేరు పెట్టే అధికారం రాజకీయానికి ఎంత దగ్గరో చూడాలంటే మసూద్ అజరే చాలు. అతణ్ణి సమితి జాబితాలో చేర్చమని మన దేశం 2009 నుంచి అడుగుతోంది. చైనా అడ్డుపడుతూ వచ్చింది. 2019 మే 1న గానీ పేరు ఎక్కలేదు. అక్కడ అందరూ ఒప్పుకోవాలి, ఒక్కరు ఆపినా ఆగిపోతుంది. వెనక ఒక దేశం నిలబడితే పదేళ్లు తప్పించుకోవచ్చు. ఎవరూ లేకపోతే? యాసిన్ ఖాదీ అనే సౌదీ వ్యాపారి పేరు 2001 అక్టోబరులో ఎక్కింది. సాక్ష్యమేమిటో చూపించలేదు, వాదన వినలేదు. 2008 సెప్టెంబరులో యూరోపియన్ న్యాయస్థానం, ఇలా వినకుండా ఆస్తులు ఆపడం ప్రాథమిక హక్కులకు విరుద్ధమని తీర్పిచ్చింది. ఆ తీర్పు తరువాతే, 2009 చివర్లో, పేరు తీసెయ్యమని కోరేవాళ్ల మొర వినడానికి సమితి ఒక అధికారిని పెట్టింది. ఖాదీ పేరు 2012లో తీసేశారు. ఆయన దగ్గర లాయర్లకు డబ్బుంది. మాస్టారి కొడుకు జాబితాలో లేడు, జాబితాకు పక్కన ఉన్నాడు. పక్కన ఉన్నవాళ్ల మొర వినడం ఆ అధికారి పని కాదు.

హైదరాబాద్‌లో ఇంకా ఘోరంగా జరిగింది. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది, ఆ తరువాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. పదుల సంఖ్యలో ముస్లిం యువకుల్ని పట్టుకెళ్లారు. చిత్రహింసలు పెట్టారని వాళ్లు చెప్పారు. కోర్టుల్లో కేసులు నిలబడలేదు. తరువాత ప్రభుత్వం వాళ్లకు నష్టపరిహారంతోపాటు మంచి నడవడిక ఉన్నవాళ్లేనని ధ్రువపత్రాలు కూడా ఇచ్చింది. పరిహారం ఉత్తర్వును హైకోర్టు కొట్టేసింది. అసలు కేసులో 2018 ఏప్రిల్‌లో తీర్పు వచ్చినప్పుడు నిందితులందరూ నిర్దోషులుగా బయటికొచ్చారు. పద్నాలుగు ప్రాణాలు పోయాయి, చట్టం దృష్టిలో చేసినవాడు లేడు. నాకు ఆ ధ్రువపత్రాల దగ్గరే మనసు ఆగిపోతుంది. ముందు పేరు చెడగొట్టి, తరువాత పేరు బాగుందని కాగితం మీద రాసివ్వడం!

అందుకని చేష్టను పట్టుకోండి, పేరును వదలండి అనేసి ఊరుకుంటే బాగుండేది. 2004లో భద్రతా మండలే 1566 తీర్మానంలో దాదాపు అలాంటి మాట అంది: జనాన్ని భయపెట్టడానికో, ప్రభుత్వం మెడలు వంచడానికో, పౌరులతో సహా మనుషుల్ని చంపే, బందీలు చేసే నేరాల్ని ఏ కారణంతోనూ సమర్థించడానికి వీల్లేదని. నేను దీన్ని నా కొలతగా పెట్టుకున్నాను, ఇంకొంచెం ఇరుకు చేసి: ఎవరి మీద చేశారు? ఆయుధం లేని మనిషి మీదా? అల్లూరి దామనపల్లి కనుమలో కాపు కాసి, ముందు నడుస్తున్న మనవాళ్లను పోనిచ్చి, తెల్ల అధికారుల్ని మాత్రమే కాల్చాడని చెబుతారు. నా కొలతకు ఆయన సరిగ్గా అందుతాడు. దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు కూడా అందుతుంది, అటు వైపున.

కొలత తెగేది మా జిల్లాలోనే. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర, మొండెంఖల్ సభకు వెళుతున్న గిరిజనుల మీద భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. జనం సభకు వెళ్లకుండా భయపెట్టడానికి ఆయుధాల్లేని మనుషుల్ని చంపారు. నా కొలత ప్రకారం ఇది ఉగ్రవాదమే. ఆ మాట ఎవరూ వాడలేదు, నిందితుల మీద కేసు కొట్టేశారు కూడా. ఆ తరువాతే 1968 నవంబరులో పెదగొట్టిలిలో వడ్డీ వ్యాపారి ఇంటి మీద గిరిజనులు పడ్డారు. ఆపైన భూస్వాముల్ని, వడ్డీ వ్యాపారుల్ని ఇళ్లలోనే చంపడం ఒక పంథా అయింది. ఆ మనుషుల చేతిలో తుపాకి లేదు, ప్రామిసరీ నోటు ఉంది. వెంపటాపు సత్యం గారిని మా తాతయ్య చివరిదాకా "సత్యం మాస్టారు" అనే అనేవాడు, ఆ గొంతులో మర్యాద తగ్గేది కాదు. 1970 జులైలో సత్యాన్ని, ఆదిభట్ల కైలాసాన్ని పోలీసులు కాల్చి చంపారు. అది కూడా ఏ కోర్టూ వినని మరణమే. నా కొలత తాతయ్య మర్యాదతో ఒప్పుకోదు. లేవిడి మీద నోరు విప్పని చట్టంతోనూ ఒప్పుకోదు. అయినా దాన్ని వదులుకోను. నాకు కావలసినవాళ్ల మీద తూగకపోతే తక్కెడ మార్చేద్దామనుకోవడమే 1941లో ఆ ప్రభుత్వం చేసిన పని.

2025 మేలో విజయనగరంలో ఒక యువకుణ్ణి, హైదరాబాద్‌లో మరొకణ్ణి పోలీసులు అరెస్టు చేశారు. పేలుళ్లకు కుట్ర చేశారని, రసాయనాలు దొరికాయని, విదేశంలోని ఐసిస్ మనుషుల ఆదేశాలున్నాయని అభియోగం. కేసు ఎన్‌ఐఏకు వెళ్లింది. నిజమే అయితే, ఆ అరెస్టు ఏదో ఒక బస్టాపులో కొందరి ప్రాణాలు కాపాడింది. ఎవరివో వాళ్లకు ఎప్పటికీ తెలీదు. నిరోధం అనే పనికి అదొక శాపం, జరగనిదాన్ని చూపించలేం.

ఆ వారంలోనే చొక్కా గుడ్డ పట్టుకుని మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఇంకో పాత ఖాతాదారు కూర్చుని ఉన్నాడు, మంచివాడే. "ఏటి మాస్టారూ, మిషన్లో ఏటైనా పెట్టీసినారేటి?" అని సరదాకి అన్నాడు. మాస్టారు నవ్వారు. నేనూ నవ్వాను. ఏ జాబితా, ఏ సాఫ్ట్‌వేర్ లేకుండా, ఒక్క క్షణంలో పేరు కలిసిపోయింది. కలిపినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆయన వెళ్లిపోయాక మాస్టారు కొలతలు తీసుకుంటూ, గల్ఫ్‌లో ఉన్న అబ్బాయికి కొడుకు పుట్టాడని చెప్పారు. తాత పేరు పెడతానని కొడుకు పట్టుబడుతున్నాడట. "నువ్వు సదువుకున్నోడివి, సెప్పు బాబూ. నా పేరెడితే రేపు ఆడికి ఇబ్బందేటీ ఉండదు కదా?"

పెట్టమనండి మాస్టారూ అన్నాను. వెంటనే అనలేదు, కొంచెం ఆగి అన్నాను. ఆయన ఆ ఆగడాన్ని చూశారు. ఛాతీ కొలత పుస్తకంలో రాసుకుని, గురువారం వచ్చి తీసుకెళ్లమన్నారు.